ఇంటి గోడలకు బూడిదరంగు: చల్లనిదా, వెచ్చనిదా?

ప్రత్తి మొదటి తీత డబ్బు చేతికి రాగానే మన పల్లెల్లో చాలామందికి గుర్తుకు వచ్చేవి ఇంటి గోడలు. వానలకు పెచ్చులు లేచిన చోటు, చెమ్మకు మచ్చ పడిన చోటు చూసి చూసి విసుగెత్తి ఉంటారు. క్రిస్మస్ దగ్గర పడుతూ ఉంటుంది. బంధువులు వస్తారు, సంఘంలోని యౌవనస్థులు పాటలు పాడుకుంటూ ఇంటింటికీ వస్తారు. ఈ సంవత్సరమైనా రంగు వేయించాలని ఇల్లాలు పట్టుబడుతుంది. ఒకప్పుడైతే ఇందులో ఆలోచించవలసింది ఏమీ లేదు. పిడుగురాళ్ల సున్నం, గుప్పెడు బంక, నీలిమందు పొట్లం, రెండు కుంచెలు ఉంటే ఇంటిల్లిపాదీ కలిసి ఒక్కరోజులో ఇల్లంతా తెల్లగా చేసేవారు. ఇప్పుడు రంగుల కొట్టుకు వెళితే చేతిలో షేడు కార్డు పెడతారు. అందులో ఒక్క బూడిదరంగులోనే లెక్కలేనన్ని రకాలు. పట్నంలో చూసిన ఇళ్ళు, పెళ్ళిళ్ళకు వెళ్ళినప్పుడు చూసిన హాళ్ళు మనసులో మెదులుతాయి. మనం కూడా బూడిదరంగే వేయిద్దాం అనుకుంటాం.

పెద్దవాళ్ళు ఒప్పుకోరు, అది వేరే సంగతి. "బూడిదలో పోసిన పన్నీరు" అనే మాట వాళ్ళ నోట సిద్ధంగా ఉంటుంది. గోనెపట్ట, బూడిద అంటే మన కుటుంబాల్లో దుఃఖమే తలపుకు వస్తుంది గానీ క్రిస్మస్ రాదు. పైగా డబ్బు చాలక తొమ్మిది పది సంవత్సరాలు సిమెంటు పూతతోనే గోడలు వదిలేసిన ఇంట్లో, "ఇప్పుడున్నది బూడిదరంగు కాదా, మళ్ళీ డబ్బు పెట్టి అదే వేయిస్తారా?" అని అడిగితే జవాబు చెప్పడం కష్టమే. పల్నాడులో మా చెల్లెలి ఇంట్లో వాళ్ళ అత్తగారు సరిగ్గా ఈ ప్రశ్నే అడిగింది. ఆమె మాట వినకుండా వేయించారు. ఆ తరువాత జరిగినదే నన్ను ఈ వ్యాసం వ్రాయడానికి పురికొల్పింది.

వాళ్ళది చిన్న డాబా ఇల్లు. ఉత్తరం వైపు వసారా, దాని వెనుక హాలు, పడమటి వైపు పడకగది, హాలు నుంచి ఒక మెట్టు దిగితే వంటిల్లు. నేలంతా నాపరాయి. తలుపులూ ద్వారబంధాలూ టేకువి, వార్నిషు వేసినవి. ఆ ఊళ్ళో అంతకన్న మంచి తలుపులు లేవని మా మరిదిగారికి కొంచెం గొప్ప కూడా. గత సంవత్సరం నవంబరులో పట్నం వెళ్ళి, కొట్లో ట్యూబులైటు వెలుతురులో షేడు కార్డు చూసి, ముచ్చటైన లేత బూడిదరంగు ఎంచుకున్నారు. మేస్త్రీ లప్పం పెట్టి, ఉప్పుకాగితం పట్టి, ప్రైమరు కొట్టి, రెండు కోట్లు వేసి వెళ్ళిపోయాడు. మరునాడు తెల్లవారి మా చెల్లెలు ఫోను చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"అక్కా, బూడిదరంగు అడిగితే వంకాయ పువ్వు రంగు ఇచ్చారక్కా. హాలంతా ఊదాగా ఉంది. అత్తయ్య నోరు తెరిచి ఒక్కమాట కూడా అనడం లేదు. అదే నాకు ఇంకా భయంగా ఉంది."

కొట్టతను మోసం చేశాడనుకున్నాం అందరం. డబ్బా మూత తీసుకుని నేనూ వెంట వెళ్ళాను. మూత మీద అంటించిన చీటీలోని నంబరు, కార్డులో వాళ్ళు ఎంచుకున్న రంగు నంబరు ఒకటే. అతను ఓపికగా మిషనులో చూసి, ఆ రంగులో తెల్లని బేసులోకి నలుపు, నీలం, రవ్వంత ఎరుపు పడతాయని చెప్పాడు. డబ్బా మూతకు అంటుకుని ఎండిన రంగును కార్డు పక్కన పెడితే తేడా లేదు. తప్పు అతనిది కాదు. రంగు సరైనదే. ఇంటికి వచ్చి చూస్తే మాత్రం వంకాయ పువ్వే.

బూడిదరంగు లోపల ఇంకో రంగు

నలుపూ తెలుపూ కలిపితే బూడిదరంగు వస్తుందని చిన్నప్పుడు బడిలో నేర్చుకున్నాం. అది నిజమే గానీ పూర్తి నిజం కాదు. దీపపు మసిలాంటి సన్నని నలుపును తెలుపులో కలిపి చూడండి, వచ్చే రంగు కొంచెం నీలం వైపు మొగ్గుతుంది. అందులో పసుపుపచ్చ మట్టిరంగు చిటికెడు వేస్తే నీలం తగ్గిపోయి, ఎండుగడ్డి నీడలాగా, ముతక నేతగుడ్డలాగా మారుతుంది. అంటే కొట్లో దొరికే ప్రతి బూడిదరంగు లోపలా దాగి ఉన్న ఇంకో రంగు ఉంటుంది. ఆ దాగిన రంగు నీలమో, ఊదానో, ఆకుపచ్చో అయితే అది చల్లని బూడిద. పసుపో, గోధుమో, ఎరుపో అయితే వెచ్చని బూడిద.

ఈ సంగతి మన అమ్మమ్మలకు తెలియనిది కాదు. సున్నంలో నీలిమందు ఎందుకు కలిపేవారు? తెల్లని పంచెలను ఉతికి నీలిమందు నీళ్ళలో ఎందుకు ముంచేవారు? సున్నానికీ నూలు గుడ్డకూ సహజంగా ఉండే పసుపు ఛాయను నీలంతో కొట్టేయడానికి. పసుపు ఛాయ పోతే కంటికి ఇంకా తెల్లగా, చల్లగా కనబడుతుంది. వాళ్ళు దీనికి పేరు పెట్టలేదు, అంతే. నీలిమందు సున్నపు ఘాటుకు తట్టుకుంటుంది. ప్రష్యన్ బ్లూ అనే ఇంకో నీలం సున్నంలో పడితే విరిగి రంగు పోతుంది. అందుచేత సున్నం వేసేవారు ఏ నీలం పడితే ఆ నీలం కలపరాదు. వెచ్చని ఛాయకు వాడే పసుపు మట్టి, ఎర్ర మట్టి రంగులు ఇనుప తుప్పు జాతివి. అవి సున్నానికీ ఎండకూ బాగా తట్టుకుంటాయి.

వంటింటి పొయ్యిలోని బూడిద చూసినా ఈ తేడా పట్టుకోవచ్చు. బాగా కాలిన కట్టె బూడిదను తెల్లకాగితం మీద చిటికెడు పోసి, పక్కనే రంపపుపొట్టు కలిసిన బూడిదో, మట్టి కలిసిన బూడిదో పోయండి. విడివిడిగా చూసినప్పుడు రెండూ బూడిదలే. పక్కపక్కన పెడితే ఒకటి నీలం, ఒకటి మట్టి. కొట్లో కూడా ఇదే పని చేయాలి. ఒక్క బూడిదరంగును ఒంటరిగా చూసి తీర్పు చెప్పకూడదు. రెండు మూడు పక్కపక్కన పెట్టి, కింద మడత లేని తెల్లకాగితం ఉంచి చూడాలి. ఇంకో ఉపాయం చెబుతాను. షేడు కార్డులో లేతరంగు ఉన్న పట్టీలోనే కిందికి వెళితే ముదురు రంగులు ఉంటాయి. లేత బూడిదలో దాగి ఉన్నది ఆ ముదురు గడిలో బయటపడిపోతుంది. మా చెల్లెలు ఎంచుకున్న రంగుకు రెండు గడుల కింద చూస్తే తేటతెల్లంగా ఊదా. ముందే అటు చూసి ఉంటే ఇంత గొడవ లేకపోను.

టేకు తలుపులు చేసిన పని

అయినా కార్డులో అంత లేతగా ఉన్నది హాలులో అంత ఊదాగా ఎందుకు కనబడింది? ఇందులో నాలుగైదు కారణాలు కలిశాయి. వాటిలో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరచినది తలుపుల సంగతి.

ఫ్రాన్సు దేశంలో షెవ్రాల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. 1786లో పుట్టి 1889 వరకు, నూట రెండేళ్ళు బ్రతికాడు. 1824లో ఆయన్ని ప్యారిస్‌లోని గోబెలిన్ అనే రాచనేత కర్మాగారంలో అద్దకం పనికి అధికారిగా నియమించారు. అక్కడ నేసేవాళ్ళు ఒక ఫిర్యాదు తెచ్చారు. నల్లదారం సరిగా అద్దకం కావడం లేదు, నీలం ఊదా దారాల పక్కన నేస్తే వెలిసినట్లు కనబడుతోంది అన్నారు. ఆయన ఆ దారాన్ని పరీక్షించి చూస్తే అద్దకంలో ఏ లోపమూ లేదు. లోపం పక్కనున్న రంగుది. కన్ను ఒక రంగును చూసేటప్పుడు దాని పక్కనున్నదానిలో దానికి ఎదురు రంగును కల్పించుకుంటుందని ఆయన గ్రహించాడు. ఏళ్ళ తరబడి పరీక్షలు చేసి 1839లో పెద్ద పుస్తకం ప్రచురించాడు.

మన హాలుకు దీన్ని అన్వయించుకోండి. వార్నిషు వేసిన టేకు నారింజ వన్నెలో ఉంటుంది. నారింజకు ఎదురు రంగు నీలం. కాబట్టి టేకు ద్వారబంధం పక్కన ఏ బూడిదరంగు వేసినా కన్ను దానిలో కాస్త నీలాన్ని కల్పించుకుంటుంది. అసలే నీలం మొగ్గు ఉన్న బూడిద అయితే చెప్పనే అక్కర్లేదు. మా మరిదిగారి గొప్ప తలుపులే హాలును ఊదా చేశాయన్నమాట. నేను ఇది చెప్పినప్పుడు ఆయన నవ్వలేదు.

రెండో కారణం వెలుతురు. హాలు ఉత్తర ముఖం. మన ప్రాంతంలో మే మొదట్లో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ మధ్య నెలల్లోనే కొంచెం ఉత్తరానికి జరుగుతాడు. మిగతా సంవత్సరమంతా దక్షిణం వైపే. నవంబరు, డిసెంబరుల్లో ఉత్తరపు గదిలోకి ఎండ రాదు, ఆకాశపు వెలుతురే వస్తుంది. ఆకాశం నీలం కాబట్టి ఆ వెలుతురూ నీలమే. నేల నాపరాయి, అదీ నీలిబూడిదే. కింది నుంచి తిరిగి లేచే వెలుతురు కూడా చల్లనిదే అయింది.

మూడోది రాత్రి దీపం. 2015లో కేంద్ర ప్రభుత్వం ఉజాలా పథకం మొదలుపెట్టిన తరువాత పల్లెల్లో కూడా పాత గుండు బల్బులు పోయి ఎల్.ఇ.డి. బల్బులు వచ్చాయి. కరెంటు ఖర్చు తగ్గింది, మంచిదే. బల్బు పెట్టె మీద ఒక అంకె, పక్కన కె అనే అక్షరం ఉంటుంది. మన పాత గుండు బల్బు వెలుతురు సుమారు 2700 కె. ఇప్పుడు మన ఇళ్ళలో ఎక్కువగా వెలిగే తెల్లబల్బు 6500 కె. అంకె పెరిగినకొద్దీ వెలుతురు నీలం వైపు పోతుంది. కమ్మరి కొలిమిలో ఇనుము చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. మొదట ఎర్రగా, తరువాత పసుపుగా, ఇంకా కాలితే తెల్లగా అవుతుంది. వేడి పెరిగినకొద్దీ ఎరుపు తగ్గుతుంది. ఆ వేడిని కొలిచే లెక్కే ఈ కె. ఎక్కువ వేడిదాన్ని మనం చల్లని వెలుతురు అనడం విడ్డూరమే గానీ, వాడుక అలా స్థిరపడిపోయింది.

ఇక చివరిది: కార్డు మీద రంగు గడి అగ్గిపెట్టె అంత. హాలులో అదే రంగు నాలుగు గోడల మీద. ఒక గోడ వెలుతురు ఎదుటి గోడ మీద పడి, అది తిరిగి దీని మీద పడి, రంగు చిక్కబడుతుంది. అందుకే కార్డులో నచ్చినదానికన్న ఒక గడి లేతది తీసుకోమని అనుభవం గల మేస్త్రీలు చెబుతారు. మనం వినం.

రెండు కళ్ళకు రెండు రంగులు

అసలు బాధ ఇంకో వైపు నుంచి వచ్చింది. చెల్లెలి అత్తగారికి శుక్లాలు. కుడికంటికి అంతకు ముందు వేసవిలో ఆపరేషను అయింది, ఎడమకంటికి ఇంకా కాలేదు. రంగు వేసిన నాలుగో రోజున ఆమె హాలు నుంచి వంటింట్లోకి దిగబోతూ మెట్టు కానక తూలి ద్వారబంధం పట్టుకుంది. పడలేదు, దేవుని దయ. కానీ ఆ రోజు నుంచి ఆమె వంటింట్లోకి వెళ్ళడానికి ఎవరినైనా తోడు పిలిచేది. తొమ్మిది సంవత్సరాలు సిమెంటు గోడల ఇంట్లో తడబడకుండా తిరిగిన మనిషి.

నేను ఆమె పక్కన కూర్చుని, "అత్తయ్యగారూ, గోడ మీకు ఏ రంగులో కనబడుతోంది?" అని అడిగాను. ఆమె ఒక చేత్తో ఎడమకన్ను మూసుకుంది. "నీలం" అంది. తరువాత కుడికన్ను మూసుకుంది. "మట్టిరంగు. ఏది నిజమో నువ్వే చెప్పమ్మా" అంది.

రెండూ నిజమే. వయసు మీరినకొద్దీ కంటిలోని కటకం పసుపుబారుతుంది, శుక్లం ముదిరితే గోధుమరంగుకు తిరుగుతుంది. దాని గుండా వచ్చే వెలుతురులో నీలం చాలావరకు ఆగిపోతుంది. అందుకే పెద్దవాళ్ళకు నీలం, నలుపు, ముదురు ఊదా వేరు చేసి చెప్పడం కష్టం. ఆపరేషను చేసి ఆ కటకం తీసి కొత్తది పెట్టగానే, ఎన్నో సంవత్సరాలుగా ఆగిపోయిన నీలమంతా ఒక్కసారిగా లోపలికి వస్తుంది. కొందరికి తెల్లచీర కూడా నీలంగా కనబడుతుంది. ఒక కంటికే ఆపరేషను అయినవారికి రెండు కళ్ళ మధ్య తేడా స్పష్టంగా తెలుస్తుంది. మా చెల్లెలి అత్తగారు ఒకే గోడను రెండు రంగుల్లో చూస్తోంది.

మరి మెట్టు ఎందుకు కనబడలేదు? ఇంతకు ముందు గోడ ముదురు సిమెంటు రంగు, అడుగున జానెడు వెడల్పున జాజు పట్టె ఉండేది. గోడ ఎక్కడ ముగిసి నేల ఎక్కడ మొదలవుతుందో ఆ ఎర్రని గీత చెప్పేది. మెట్టు దగ్గర అది కిందికి దిగేది. కొత్త రంగు వేసినప్పుడు, పట్నంలో ఎవరూ జాజు పట్టె వేయడం లేదని దాన్ని చెరిపేసి గోడంతా ఒకటే రంగు చేశారు. లేత నీలిబూడిద గోడ, నీలిబూడిద నాపరాయి, ఒకే రంగు మెట్టు. మసకకంటికి అంతా ఒకే మబ్బు. మన పూర్వులు గోడ అడుగున జాజు పట్టె అందానికే వేశారనుకోవద్దు. వాన చినుకుల మట్టి మరకలు దాచేది, చీకట్లో అంచు చూపించేది.

రంగు చల్లనిదా వెచ్చనిదా అన్నదానికన్న ఈ సంగతి ముఖ్యం. ముసలివారు ఉన్న ఇంట్లో గోడకూ నేలకూ, గోడకూ ద్వారబంధానికీ, గోడకూ స్విచ్చుబోర్డుకూ లేత ముదురుల తేడా ఉండాలి. రంగు తేడా చాలదు, లేత ముదురుల తేడా కావాలి. బూడిదరంగు వేయించేవారు ఈ ఒక్క విషయంలో ఇతరులకన్న ఎక్కువ జాగ్రత్తపడాలి. ఎందుకంటే మన నేలలు చాలావరకు బూడిదవే.

ఏ గదికి ఏది?

పడమటి దేశాల పుస్తకాలు చదివితే ఉత్తరపు గదికి వెచ్చనిది, దక్షిణపు గదికి చల్లనిది అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. అది చలి దేశాల లెక్క. మనకు పడమటి ఎండ పెద్ద సమస్య. మధ్యాహ్నం మూడు దాటాక పడమటి గదిలోకి వచ్చే ఎండ పసుపుగా, సాయంకాలానికి నారింజగా ఉంటుంది. ఆ గదిలో వెచ్చని బూడిద వేస్తే సాయంత్రానికి బెల్లపు పాకంలా అవుతుంది. అక్కడ చల్లని బూడిద హాయిగా ఉంటుంది. మా చెల్లెలి పడకగదిలో అదే డబ్బాలోని రంగే వేశారు, అక్కడ ఎవరూ దాన్ని ఊదా అనలేదు. పావురాయి రెక్కలా ఎంతో బాగుంది.

ఒక అపోహ ఉంది, దాన్ని తీసివేయాలి. చల్లని రంగు వేస్తే ఇల్లు చల్లబడదు. కంటికి చల్లగా అనిపించవచ్చు గానీ ఫాను కింద చెమట తగ్గదు. డాబా ఇంట్లో వేడి ఎక్కువగా పైకప్పు నుంచి దిగుతుంది. వేడి తగ్గాలంటే డాబా పైన తెల్లసున్నం గానీ తెల్లని పూత గానీ వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించింది. గదిలో వెలుతురు పెరగాలంటే మాత్రం లేతరంగు కావాలి. కొన్ని కంపెనీలు ప్రతి రంగుకూ అది ఎంత వెలుతురు తిరిగి ఇస్తుందో నూటికి ఇంత అని అంకె ఇస్తాయి. చిన్న కిటికీల ఇళ్ళకు 60 పైన ఉన్న బూడిదలే ఎంచుకోవాలి. అంతకన్న ముదురువి పగలే దీపం వెలిగించమంటాయి.

ఎర్ర ఆక్సైడు గచ్చు, బేతంచెర్ల రాయి, పసుపు తాండూరు బండలు, టేకు తలుపులు, ఎర్రమట్టి వాకిలి ఉన్న ఇంటికి వెచ్చని బూడిదే అతుకుతుంది. వాకిలి ఎర్రమట్టి అయితే మధ్యాహ్నపు ఎండ దాని మీద పడి ఎర్రని వెలుతురు లోపలికి వస్తుంది. కిటికీ ముందు గుబురు చెట్టు ఉంటే ఆకుపచ్చ వెలుతురు వస్తుంది. ఇవి కొట్లో కనబడవు. కడప నల్లరాయి, నాపరాయి, తెల్లరంగు తలుపులు ఉన్నచోట చల్లని బూడిద నప్పుతుంది. వంటింట్లో చల్లని బూడిద వద్దని నా సలహా. నూనె ఆవిరి పసుపు మరక దాని మీద వెంటనే బయటపడుతుంది. దుమ్ము కూడా అంతే. మన దుమ్ము ఎరుపూ గోధుమా కాబట్టి వెచ్చని బూడిద మీద కలిసిపోతుంది, చల్లనిదాని మీద మురికిగా కనబడుతుంది. పసిపిల్లలున్న ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు.

అలాగని వెచ్చని బూడిదకు దోషాలు లేవనుకోకండి. నలుపులో పసుపు ఎక్కువ పడితే అది ఆకుపచ్చకు తిరుగుతుంది. తెల్ల ఎల్.ఇ.డి. కింద పాచి పట్టిన గోడలా ఉంటుంది. రవ్వంత ఎర్రమట్టి రంగు కూడా పడినది చూసుకోవాలి. మిషను చీటీలో ఏమేమి రంగులు పడతాయో కొట్టతన్ని అడగండి, చెబుతాడు. పాత గుండు బల్బు వెలుతురులో వెచ్చని బూడిద పూర్తిగా గోధుమరంగు అయిపోతుంది. బూడిదరంగు కావాలనుకున్నవారికి అది కూడా నిరాశే.

అందుచేత డబ్బాలన్నీ కొనకముందు చిన్న డబ్బా ఒకటి కొనండి. రెండు మూడు అడుగుల అట్టముక్కకు రెండు కోట్లు వేయండి. పాత గోడ మీదే వేస్తే పాత రంగు పక్కన కన్ను మోసపోతుంది. అట్టకు చుట్టూ వేలెడు తెలుపు వదిలి, తలుపు పక్కన, మూలలో, కిటికీ ఎదుట పెట్టి చూడండి. ఉదయం చూడండి, మూడింటికి చూడండి, దీపాలు వెలిగించాక చూడండి. నేలకు ఆనించి కూడా చూడండి. తడి ఆరాకనే తీర్పు చెప్పండి. ఎమల్షన్ ఆరితే సాధారణంగా కొంచెం ముదురుతుంది, సున్నం ఆరితే బాగా తెల్లబడుతుంది. నచ్చాక ఒక గదికి కావలసిన డబ్బాలన్నీ ఒకేసారి తెచ్చి, పెద్ద బకెట్టులో అన్నీ కలిపి వేయించండి. డబ్బాకూ డబ్బాకూ ఉండే సన్నని తేడా గోడ మధ్యలో కనబడకుండా ఉంటుంది. మూత మీది చీటీ బైబిలులోనో, రేషన్ కార్డు కవరులోనో దాచండి. రెండు సంవత్సరాల తరువాత మరక పడిన చోట దిద్దుకోవడానికి పనికి వస్తుంది.

పాత ఇళ్ళవారికి ఇంకో మాట. తలుపులకు, కిటికీ చువ్వలకు ఎప్పుడో వేసిన ఎనామిల్ రంగుల్లో సీసం ఉండవచ్చు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 90 మించరాదని మన దేశంలో 2016లో నియమం చేశారు, 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందువాటిని పొడిగా గీకి దుమ్ము లేపకండి. తడిపి గీకించి, పిల్లలను దూరంగా ఉంచి, నేలను తడిగుడ్డతో తుడవండి.

మా చెల్లెలి ఇంటికి మళ్ళీ వస్తాను. మిగిలిన డబ్బు తక్కువ. ఇల్లంతా మళ్ళీ వేయించే స్తోమత లేదు. మొదట బల్బులు మార్చాం. 6500 తీసి 3000 పెడితే రాత్రిపూట ఊదా సగానికి సగం తగ్గింది. పగటి మాటకు మాత్రం రంగే మార్చవలసి వచ్చింది. పడకగది అలాగే ఉంచి, ఒక్క హాలుకు వెచ్చని బూడిద వేయించారు. ఈసారి అట్టలు మూడు తయారుచేసి నాలుగు రోజులు గోడలకు ఆనించి పెట్టారు. ఏ అట్ట మంచిదో చెప్పమని అత్తగారినే అడిగారు. ఆమె ఒక్కొక్క కన్ను మూసి ఒక్కొక్క అట్టనూ చూసింది. మొదటిది ఒక కంటికి నీలం, ఒక కంటికి మట్టి. రెండోది రెండు కళ్ళకూ మట్టే. మూడోది, "ఈ కంటికి బూడిద, ఆ కంటికి గోధుమ, రెండూ ఫరవాలేదు" అంది. అదే వేయించారు. గోడ అడుగున జానెడు జాజురంగు పట్టె తిరిగి వచ్చింది. వంటింటి మెట్టు అంచుకు పసుపుపచ్చ ఎనామిల్ గీత వేశారు. ఆమె తోడు లేకుండా దిగుతోంది.

వచ్చే నెలలో ఆమె ఎడమకంటికి కూడా ఆపరేషను. "అది అయ్యాక హాలు ఎలా ఉందో చెబుతాను, అప్పటిదాకా బాగుందని రాయకు" అని కబురు పంపింది.